అడిగి తెచ్చుకున్న ప్రయాణం

ప్రియమైన మీకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేనూ, అమ్మాయీ, కుట్టుమిషనూ ముగ్గురం క్షేమం. అక్కడ మీరూ, మీ ఓడ ఇంజనూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. మీ ఉత్తరం సోమవారం అందింది. అమ్మాయి నాకంటే ముందే చింపి, తనకి నచ్చిన వాక్యాలు పైకి చదివి, మిగతావి "ఇవి నాన్న నాకు రాసినవి" అంటూ దాచేసుకుంది. బతిమాలితే సాయంత్రానికి ఇచ్చింది లెండి. నడుంనొప్పి తగ్గిందని రాశారు, సంతోషం. తగ్గకపోయినా మీరు తగ్గిందనే రాస్తారు కాబట్టి సగమే సంతోషం.

మీరు అడిగినవాటికి జవాబులు చెబుతాను. నేను లేని నెల్లాళ్లూ దుకాణం మూతపడదు. కాజాలు కుట్టే పెద్దావిడ తెరిచి ఉంచుతానంది. కొత్తబట్ట మీద కత్తెర పెట్టనని ముందే ఒట్టేసింది. చిరుగులూ, జిప్పులూ, వదులైన నడుములూ చూసుకుంటుంది. పాత ఖాతాదారులందరికీ చెప్పేశాను. ఏది కుట్టినా కాలరు కుదరలేదనే ఆ ఒక్క కాలరు కంప్లయింటావిడ మాత్రం, "నువ్వు వెళ్లిపోతే నేనెవరితో గొడవపడాలి?" అని నిజంగానే బెంగపెట్టుకుంది.

"ఇంతమంది ఉండగా నువ్వే ఎందుకు?" అని రెండుసార్లు రాశారు, రెండోసారి కింద గీత గీసి మరీ. చెబుతాను. కొండల అవతల ఉన్న ఆ మిషన్ ఆసుపత్రిలో జబ్బు నయమైనా ఇంటివాళ్లు వెనక్కి పిలవని ఆడవాళ్లు చాలామంది ఉన్నారట. వాళ్ల బతుకుతెరువు కోసం ఎవరో పుణ్యాత్ములు కుట్టుమిషన్లు ఇచ్చారు. దారం ఎక్కించడం తెలిసినవాళ్లు లేక వాటిమీద దుప్పట్లు కప్పి ఉంచారు. మన చర్చి నుంచి డాక్టరమ్మా, నర్సులూ వెళ్తున్నారు సరే, కుట్టుపని వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పాస్టరుగారు ఆరాధనలో అడిగారు. నా వరుసలో వాళ్లంతా నా వైపు తిరిగారు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

నాకు వాక్యం చెప్పడం రాదని మీకు తెలుసు. నలుగురిలో ప్రార్థన చేయమంటే నోరు ఎండిపోతుంది. కానీ ఒకమ్మాయిని మిషను ముందు కూర్చోబెట్టి, చేయి పట్టుకుని, కుట్టు వంకర పోకుండా నేర్పమంటే నేర్పగలను. దేవుడికి నాతో పనిపడితే ఈ పనే పడుతుందనిపించింది. ఆ కప్పి ఉంచిన మిషన్లు తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు. నాకు వెళ్లాలని ఉందండీ. పెళ్లయ్యాక నా కోసం నేను ఇంత గట్టిగా ఏదీ కోరుకోలేదు.

ఇక డబ్బు సంగతి. "మొత్తం నేనే పంపుతాను, ఇల్లిల్లూ తిరిగి పరువు తీసుకోకు" అన్నారు. ఆ మాట చదివి కళ్లు చెమర్చాయి. కానీ ఈ ప్రయాణానికి ఒక నియమం ఉంది. సగానికి మించి సొంత డబ్బు పెట్టకూడదు, మిగతాది ఇతరులు ఇవ్వాలి. నేనూ పాస్టరుగారితో వాదించాను. "మా ఆయన పంపుతానంటుంటే ఈ తిరుగుడంతా ఎందుకండీ?" అన్నాను.

"సొంత డబ్బుతో వెళ్తే అది విహారయాత్రమ్మా," అన్నారాయన. "నలుగురూ ఇస్తే నలుగురూ పంపినట్టు. అక్కడ నీకు కష్టమొస్తే ఇక్కడ నీకోసం మోకాళ్లూని ప్రార్థించేవాళ్లు ఉండాలి కదా."

మన ఇంట్లో అడగడం ఎవరికీ చేతకాదు. మీ వంశంలో అసలే లేదు, మీతో కాపురం చేసి నాకూ పోయింది. మొదట రొట్టెల దుకాణానికి వెళ్లాను. నోరు పెగల్లేదు. ఒక రొట్టె కొనుక్కుని వచ్చేశాను. మర్నాడూ అదే కథ, ఆ మర్నాడూ అదే. ఇంట్లో రొట్టెలు పేరుకుపోయి అమ్మాయి అలిగింది. చివరికి కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన పిండి చేతులు తుడుచుకుని, సొరుగు లాగి, చేతికందినంత తీసి ఇచ్చాడు. "ఇదడగడానికా తల్లీ ఇన్ని రొట్టెలు కొన్నావ్? మొదటిరోజే అడిగుంటే ఆ డబ్బూ మిగిలేది కదా!" అన్నాడు.

అందరూ అలా లేరు. పైవీధి పళ్లడాక్టరు పెదవి విరిచి, "దూరపువాళ్ల సంగతి సరే, ఇక్కడివాళ్లకి ఎవరు చేస్తారు?" అన్నాడు. మెట్లు దిగుతూ ఏడ్చాను. ఇవ్వనందుకు కాదు, అడిగానే అని. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, మళ్లీ బయలుదేరి కాలరు కంప్లయింటావిడ ఇంటికి వెళ్లాను. ఆవిడ తిడుతూనే అందరికంటే ఎక్కువ ఇచ్చింది. అలా గుమ్మం తర్వాత గుమ్మం ఎక్కాను. అయినా కావలసినదానికి ఇంకా చాలా తక్కువ పడింది, గడువేమో దగ్గరపడింది. మిగిలిన ఆశల్లా మా ప్రయాణం ఖర్చుల కోసం చర్చి ఆవరణలో జరిగే వేలంపాటే.

మీ ఉత్తరం చివర్లో అడిగారు, ఫిడేలు తీగలు వదులు చేశావా, పెట్టెకి చెమ్మ తగలకుండా చూస్తున్నావా అని. ఈ ప్రశ్నకి జవాబు రాయలేకే మిగతావన్నీ ఇంత పొడుగ్గా రాశాను. నిలబడి చదువుతుంటే కూర్చోండి. ఫిడేలు మన ఇంట్లో లేదు.

కోపం తర్వాత తెచ్చుకోండి, ముందు జరిగింది వినండి. గాలివానకి చర్చి కప్పు ఎగిరిపోయిన ఏడాది మొదలైన పద్ధతి మీకు గుర్తుంది కదా. వేలంలో వస్తువు గెలిచినవాళ్లు డబ్బు కట్టి, "మళ్లీ పెట్టండి" అంటూ దాన్ని బల్లమీదికే తిరిగిచ్చేస్తారు. పాస్టరుగారి గోడగడియారం ఏటా ఎన్నోసార్లు అమ్ముడుపోయి సాయంత్రానికి మళ్లీ అదే మేకుకి వేలాడుతుంది. ఆ ధైర్యంతోనే మామయ్యగారి ఫిడేలు బల్లమీద పెట్టాను. నాలుగు చేతులు మారి, నాలుగు డబ్బులు తెచ్చి, నాతోపాటే ఇంటికి వస్తుందనుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారని భయపడ్డాను.

పాట మొదలయ్యాక ఆవరణ గేటు దగ్గర మీ అన్నయ్య కనబడ్డారు. మీ ఇద్దరికీ మాటలు పోయాక ఆయన మన చర్చి గడప తొక్కలేదు. ఈ పద్ధతి వచ్చింది ఆ తర్వాతే. ఫిడేలు అమ్ముతున్నారని ఆయన చెవిన ఎవరు వేశారో తెలియదు. తాళాలకొట్టు మూసేసి, పనిబట్టలతోనే వచ్చేశారు. సంగీతం టీచరు సరదాగా ఒక అంకె అంటే బావగారు దానికి పైన అన్నారు. టీచరు నవ్వుతూ పెంచితే ఈయన పళ్లు బిగబట్టి పెంచారు. ఎలాగూ తిరిగివచ్చేదే కదా అని మనవాళ్లంతా చప్పట్లు కొట్టి ఎగదోశారు. చివరికి బావగారు డబ్బు లెక్కపెట్టి బల్లమీద పెట్టి, ఫిడేలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. వేలం పాడించే పెద్దమనిషి "మళ్లీ..." అని ఆగిపోయాడు. వెంటపడి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకసలే లేదు.

ఆ డబ్బుతో నా ప్రయాణం ఖర్చు నిండిపోయింది. పాస్టరుగారు స్తోత్రం చెప్పారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ప్రయాణం మానుకుని ఆ డబ్బు తిరిగి ఇచ్చేయాలనే నిశ్చయించుకున్నాను. మర్నాడు కవరు తీసుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని, మీ అన్నయ్య ఇంటికి వెళ్లాను. ఆయన ఫిడేలు ఒళ్లో పెట్టుకుని తీగలు సరిచేసుకుంటున్నారు. పొరపాటంతా చెప్పాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అయితే ఆ చప్పట్లు..." అన్నారు.

అక్కయ్య, అదే మీ వదిన, నవ్వు ఆపుకోలేకపోయింది. "బాగుంది! అందరూ ఆడుకుంటుంటే ఈయనొక్కరే యుద్ధం చేసొచ్చారన్నమాట!"

బావగారు నవ్వలేదు. "నాన్న ఫిడేలు బయటివాళ్ల పాలవుతోందని తెలిసి ఊరుకోలేకపోయానమ్మా," అన్నారు. నేను కవరు ముందు పెడితే వెనక్కి తోసేశారు. "అది లోపల పెట్టుకో. ఆ డబ్బు నువ్వు వెళ్లే పనికిచ్చాను. ఊళ్లో అందరి గుమ్మాలూ ఎక్కావట. పళ్లడాక్టర్ని కూడా అడిగావట. మమ్మల్ని ఒక్కసారి అడగాలనిపించలేదా?"

కవరు వెనక్కి తీసుకున్నాను. మామయ్యగారు పోయినప్పుడు ఫిడేలు నాకిస్తావా అని ఆయన మిమ్మల్ని అడగలేదు, మీకు కావాలా అని మీరు ఆయన్ని అడగలేదు. ఆ ఒక్క మాట ఎవరూ అనకనే రెండిళ్లూ ఇంత దూరమయ్యాయి. ఆ ఒక్క గుమ్మం వదిలేసి మిగతా గుమ్మాలన్నీ ఎక్కినదాన్ని, నేనూ మీలో ఒకదాన్నే.

"మరి ఫిడేలు?" అన్నాను.

"అది వాడొచ్చి అడగాలి. నువ్వడిగితే ఇవ్వను," అన్నారు. మేం వీధిలోకి వచ్చాక వెనకనుంచి కేకేశారు: "వచ్చేముందు ఓ ముక్క రాయమను! భోజనంలోకి ఏం చేయాలో మీ అక్కయ్యకి చెప్పుకోవాలిగా!"

ఇంతకంటే దాచింది ఏమీ లేదు. బుధవారం నేను బయలుదేరుతున్నాను. అమ్మాయిని అక్కయ్య దగ్గర ఉంచుతున్నాను, అదీ మిమ్మల్ని అడగకుండానే. బావగారు దానికి ఫిడేలు నేర్పిస్తున్నారు. ఇప్పటికైతే చెవులు మూసుకోవలసినట్టే వాయిస్తుంది. ఆయన మాత్రం అచ్చం మా నాన్న చెయ్యే అని మురిసిపోతున్నారు. మీ ఓడ తీరానికి వచ్చేసరికి నేనింకా కొండలవతలే ఉంటాను. కూతుర్ని చూడాలంటే మీరు ఆ ఇంటికి వెళ్లక తప్పదు.

ఎలా అడగాలో తెలియకపోతే నేను చెబుతాను. తలుపు తట్టండి. తీసినవాళ్ల మొహంలోకి చూడండి. మొదటిమాట గొంతులో అడ్డం పడుతుంది, పడనివ్వండి. అది దాటాక రెండోమాట దానంతటదే వస్తుంది. నేను ఇన్ని గుమ్మాలు ఎక్కానండీ. మీకున్నది ఒక్కటే గుమ్మం, అదీ మీ అన్నయ్యది.

ఇట్లు,
మిమ్మల్ని ఇప్పటికి ఇదొక్కటే అడుగుతున్న
మీ ఇల్లాలు