‘తిరుగులేని’ అన్న మాట వాపసు

సికింద్రాబాద్ చిలకలగూడ నివాసి, కీర్తిశేషులు తుమ్మోజు వీరాచారి గారి కుమారుడు తుమ్మోజు బ్రహ్మచారి అనే నేను, వయసు యాభై మూడేళ్లు, వృత్తి ప్రూఫులు దిద్దడం, అనువాదాలు చేయడం, ‘నిలదీత’ అనే మాసపత్రిక నడపడం, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, స్వదస్తూరితో రాసుకున్న నా చివరి వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉంది. కోపమూ స్థిరంగానే ఉంది. కోపం ఉన్నవాడికి బుద్ధి లేనట్టు కాదని కోర్టువారు గమనించాలి.

నాకు జబ్బేమీ లేదు. పోయిన ఆదివారం పొద్దున నా ఒక్కగానొక్క బిడ్డ సృజన, ఇరవై నాలుగేళ్ల పిల్ల, తన వీలునామా తెచ్చి నా ప్రూఫుల బల్ల మీద పెట్టింది. “నాయినా, సాక్షి సంతకం జెర చెయ్యి. నెలాఖరుకు అప్‌లోడ్ చెయ్యాలె” అన్నది. కరెంటు బిల్లు ఇచ్చినంత తేలిగ్గా అన్నది. అంగారక గ్రహం మీద కాపురాలు పెట్టిస్తామని తిరిగే అంగారవాస్ అనే ప్రైవేటు సంస్థ, ఎంపికైన ప్రతి అభ్యర్థి చేతా ముందుగా వీలునామా రాయించుకుంటోంది. పోవడమే తప్ప రావడం లేని ప్రయాణం కదా, అందుకు. బిడ్డ వీలునామా తండ్రి చదవాల్సి వచ్చినప్పుడు తండ్రి ఏం చేయాలో ఏ చట్టంలోనూ లేదు. నేను జవాబు రాస్తున్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

1. చిలకలగూడలోని రెండు గదుల ఇల్లు, అందులోని సామాను, నా పేరున ఉన్నదంతా నా భార్య భవానికి చెందాలి. ఆమె సర్కారు బడిలో లెక్కలు చెబుతుంది. సృజన కాగితం మీద మొదటి సాక్షిగా ఆమె సంతకం అప్పటికే ఉంది. ఎందుకు చేశావని అడిగితే, “ఆపితే ఆగుతదా? ఇరవై ఏండ్లు అన్నంల వాదన కలిపి తినిపిస్తివి. నీ బిడ్డే గదా, నువ్వే గెలువు పో” అన్నది. ఆ సంతకం గురించి నాకు కోపం ఉంది. అయినా ఇల్లు ఆమెకే. ఈ రెండూ ఒకే క్లాజులో ఉండవచ్చునని అనుకుంటున్నాను.

2. ఆరంగుళాల అద్దమున్న టెలిస్కోపు సృజనకు చెందాలి. దాని మూత మాత్రం దయాకర్‌కు చెందాలి.

దయాకర్ ఎవరో చెప్పాలి. ముప్పై ఏళ్ల స్నేహితుడు. మా నాయిన వడ్రంగి షెడ్డులో నూనె డ్రమ్ము మీద గాజుబిళ్ల పెట్టి, చుట్టూ మూడు నెలలు తిరుగుతూ ఆ అద్దాన్ని ఇద్దరం చేత్తో అరగదీశాం. మా నాయిన టేకు స్టాండు చేసిచ్చాడు. గ్రహణం రోజు గర్భిణులను గదిలో పెట్టి తాళం వేసే బస్తీలకు ఆ టెలిస్కోపు మోసుకుపోయి, వీధిలో ఉప్మా వండి పంచి, సూర్యుణ్ణి తెల్ల కాగితం మీద పడేసి చూపించాం. ఆ దయాకర్ ఇవాళ సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే పేటలో అంగారవాస్ శాఖకు అధిపతి. కాలేజీలు తిరిగి పిల్లల పేర్లు రాయించుకుంటాడు. నీ పేరు ఎక్కడరా జాబితాలో అని నలుగురిలో అడిగాను. “అరే బ్రహ్మం, నాకు బీపీ, షుగర్ రెండున్నయ్ కదరా, మెడికల్ల తీసేస్తరు” అన్నాడు. బీపీ లేని పిల్లలు పోవాలి, బీపీ ఉన్న పెద్దలు రిబ్బన్లు కత్తిరించాలి. మూత సరిగ్గా ఆరంగుళాలు. అతని నోటికి సరిపోతుంది.

3. ఇది ఆస్తి కాదు, నేరం. వారసులకు తెలియాలి కనుక రాస్తున్నాను.

నిరుడు మార్చిలో దయాకర్ ఎనిమిది పేజీల ఇంగ్లీషు కరపత్రం తెచ్చి తెలుగు చేసిపెట్టమన్నాడు. వన్ వే అన్నచోట తానే ‘తిరిగిరాని ప్రయాణం’ అని రాసుకొచ్చాడు. నేను నవ్వాను. తిరిగిరాని లోకాలకు అని పేపర్లో ఏ పేజీలో వేస్తారో తెలుసా నీకు, చావు కబురులా ఉంది అని కొట్టేశాను. ఇరవై ఎనిమిదేళ్ల ప్రూఫు బుద్ధి ఊరుకోదు. పైన ‘తిరుగులేని ప్రయాణం’ అని రాశాను. అర్థం మారలేదు, ఏడుపు పోయింది. లేనిది వెనక్కి వచ్చే దారి. వినబడేది మాత్రం ఎదురులేని పౌరుషం. “వారెవ్వా బ్రహ్మం! కలం కాదురా అది, కత్తి” అని దయాకర్ తొడ చరిచాడు. ఆ పనికి నేను రూపాయి తీసుకోలేదు. మెప్పు తీసుకున్నాను. అది మరీ అన్యాయం.

ఆ ప్రూఫు నా బల్ల మీద రెండు రోజులుంది. సృజన టీ తాగుతూ చదివింది.

నన్ను ఆకాశానికి శత్రువని అనేవాళ్లుంటారు. మన రాకెట్టు లేచిన ప్రతిసారీ చిలకలగూడలో మైసూర్‌పాక్ పంచినవాణ్ణి నేను. మనుషులు పైకి పోవడం మీద నాకు అభ్యంతరం లేదు. రావడం లెక్క వేయకుండా పొమ్మనే వాళ్ల మీద నా అభ్యంతరం. తిరిగి రావడానికి ఇంధనం కావాలి, అక్కణ్ణుంచి లేచే యంత్రం కావాలి. రెండూ వాళ్ల దగ్గర లేవు. ఆ మాటకొస్తే పోయే యంత్రమూ లేదు, బొమ్మ ఉంది. లేనిదాన్ని లేదని చెప్పకుండా దానికి త్యాగం, సాహసం అని పేర్లు పెట్టారు. ఆ పేర్లలో అన్నిటికన్నా బాగా అమ్ముడుపోయింది నాది.

4. కార్ఖానాలో అంగారవాస్ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. దాని ఏసీ నీళ్లు కింద ప్రేమమణి ఇడ్లీ బండి మీద కారుతాయి. ఆమె రెండేళ్లుగా చెబుతూనే ఉంది. ఒక గొట్టం ముక్క బిగించే నాథుడు లేడు. చివరికి ఆమె చట్నీ గిన్నె పక్కన ఎర్ర బకెట్టు పెట్టుకుంది. ఆ పై అంతస్తులో గోడ మీద రాసి ఉంటుంది, చెమటా మూత్రమూ చుక్క పోనివ్వకుండా వడకట్టి వేరే గ్రహం మీద తాగునీరు చేస్తామని. నేను ప్రేమమణికి కొత్త బకెట్టు కొనిచ్చి పాతది తీసుకున్నాను. ఆ పాత బకెట్టు సదరు సంస్థ యజమానికి, ఆయన ఏ దేశంలో ఉన్నా సరే, పార్సిల్‌లో చేరాలి. అడుగున కన్నముంది. ముందు అది పూడ్చమని నా మనవి.

5. నా నిఘంటువు, రెండు భాగాలూ, భవాని తమ్ముడు హరికిషన్‌కు చెందాలి. రాబోయే ఎన్నికల్లో కార్పొరేటర్ కావాలని ఉన్నవాడు. మా సందు మొగదల ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించాడు: ‘చిలకలగూడ ముద్దుబిడ్డ, తిరుగులేని సృజన అంతరీక్ష యాత్రకు శుభాకాంక్షలు’. నా బిడ్డ ముఖం. దాని పక్కన నా మాట. కింద అతని ముఖం, రెండింటికన్నా పెద్దది. ఆ సాయంత్రం నలుగురు నాకు లడ్డూలు తినిపించారు. అంతరిక్షంలో రి కి దీర్ఘం లేదు హరికిషన్. దీర్ఘాయువు ఉండాల్సినచోట మాత్రం మీరంతా కలిసి తీసేశారు.

ఆ ఫ్లెక్సీని నేనే కోసి తెచ్చాను. దొంగతనమే, ఒప్పుకుంటున్నాను. అది దయాకర్‌కు చెందాలి. వానాకాలం అతని ఇంటి పైకప్పు కురుస్తుంది. కప్పుకుంటే నా బిడ్డ ముఖం కింద పడుకుంటాడు.

6. ఈ వీలునామా అమలుదారుగా అదే దయాకర్‌ను నియమిస్తున్నాను. ఈ సంగతి నేను పోయిన తర్వాతే అతనికి తెలియాలి. హేతువాదిని, శాపం పెట్టలేను. అందుకని క్లాజు పెడుతున్నాను.

నాకు తెలుగు చేయడానికి ఇచ్చింది ఎనిమిది పేజీల కరపత్రం. ఇవ్వనిది అరవై నాలుగు పేజీల ఒప్పందం. అది మొన్న సృజన ల్యాప్‌టాప్‌లో చదివాను. బయలుదేరే తేదీ సంస్థ ఇష్టం. మూడుసార్లు మారింది, మళ్లీ మారుతుంది. పోయినా పోకపోయినా అభ్యర్థి ముఖం, గొంతు, జీవితకథ ఎప్పటికీ సంస్థవే. భౌతికకాయం విషయంలో సంస్థ మాటే ఆఖరు. ఈ మూడు షరతులనూ తెలుగు చేసి దీనికి జతపరిచాను. ఈసారి అందంగా చేయలేదు. అమలుదారు నా సామాన్లలో దేన్నైనా ముట్టుకునే ముందు, పనిదినం పదకొండు గంటలకు, ప్రేమమణి బండి దగ్గర నిలబడి ఆ అనువాదాన్ని పైకి వినబడేలా చదవాలి. చదవనంటే అమలు బాధ్యత తర్వాతి క్లాజులో చెప్పే యేసుదాసుకు పోతుంది. చదవనన్న సంగతి ‘నిలదీత’ ఆఖరి సంచిక ముఖచిత్రంగా, బీపీ మాత్రల పట్టీతో సహా, అచ్చవుతుంది. ఆ బొమ్మ ఇప్పటికే తీయించి పెట్టాను.

7. పైన చెప్పిన యేసుదాసు ఇరవై రెండేళ్లుగా ‘నిలదీత’ అచ్చువేస్తున్న మిషన్‌మ్యాన్. నా కుర్చీ, కళ్లజోడు పెట్టె, ఎర్ర కలాలన్నీ అతనివి. ప్రతి నెలా నా సంపాదకీయం చదివి, “సార్, ఈ నెల సుత ఎవ్వలనీ ఇడిసిపెట్టలే” అనేవాడు. అతన్ని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఇప్పుడు మెచ్చుకుంటున్నాను.

8. సృజనకు.

టెలిస్కోపు గాక నీకు నేనిచ్చే ఆస్తి లేదు. ఇల్లు నీ పేర రాసి, పోనని మాటిస్తేనే అని షరతు పెడదామని మొదట అనుకున్నాను. మూడు కాగితాలు చించాను. అది వాళ్ల ఒప్పందంలాగే ఉంది. పిల్లల రక్తం తీసేటప్పుడు ఏడవకుండా చూసే ల్యాబ్ టెక్నీషియన్‌వి నువ్వు. ఎక్కడ పొడవాలో, ఎక్కడ ఆపాలో నీకు చెప్పాల్సిన పనిలేదు.

నీ వీలునామా నాలుగుసార్లు చదివాను. స్కూటీ మీ అమ్మకు, పుస్తకాలు బడికి. నాకేమో, ‘ఇప్పటిదాకా మా మధ్య జరిగిన వాదనలన్నిటిలో ఆఖరి మాట నాయినకే ఇస్తున్న’ అని రాశావు. అక్కడ నవ్వాను. తర్వాత మీ అమ్మ వచ్చి లైటు వేసేదాకా అలాగే కూర్చున్నాను.

నిన్న నువ్వు డ్యూటీకి పోతూ గడప మీద, “పోత నాయినా” అన్నావు. నేను కుర్చీ తన్నుకుంటూ లేచి, పోత అనకు, పోయొస్త అను అని అరిచాను. మా అమ్మ దేవమ్మ బతికుండగా నన్ను ఆ గడప మీదే పట్టుకుని ఆ మాట అనిపించేది. అది మూఢనమ్మకమని ‘నిలదీత’లో రెండు పేజీలు రాశాను, ఆమె పేరుతో సహా. ఆమెకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. నిన్న నువ్వు నవ్వి, “ఏంది నాయినా, నువ్వు సుతనా?” అన్నావు. అవును, నేను సుత.

నీ కాగితం మీద సాక్షి సంతకం చేయను. నువ్వు ఇంకొకరి చేత చేయించుకోవచ్చు, అది నీ హక్కు. దాన్ని ప్రూఫు దిద్ది, నువ్వు చదవడానికి ఈ వీలునామాతో కలిపి బల్ల మీద పెట్టాను. తప్పొక్కటే. ‘నేను నా ఇష్టంతో పోతున్నాను’ అన్నచోట గుర్తు పెట్టి, అంచున ‘పోయొస్తున్నాను’ అని రాశాను. దిద్దుబాటు ఒప్పుకోవడం, కొట్టేయడం రచయిత ఇష్టం.

ఇక నువ్వు నాకు రాసిన ఆఖరి మాట. ఇచ్చినదాన్ని వద్దనే హక్కు పుచ్చుకునేవాడికి ఉంటుంది. నాకు వద్దు. ఆఖరి మాట నీదే. గడప మీద నిలబడి చెప్పు.

తేదీ: 2025 నవంబరు 16, ఆదివారం. సికింద్రాబాద్.

కొట్టివేతలు: ఒకటి. మొదటి పేరాలో అలవాటు కొద్దీ ‘తిరుగులేని వీలునామా’ అని రాసి, కొట్టేసి, ‘చివరి’ అని దిద్దాను. వీలునామాను రాసినవాళ్లు బతికున్నంత కాలం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. దానికి తిరుగుంది. సృజన గమనించాలి.

(సంతకం) తుమ్మోజు బ్రహ్మచారి

సాక్షులు:
1. యేసుదాసు, మిషన్‌మ్యాన్, చిలకలగూడ
2. కాంతమణి, పక్కింటి వాస్తవ్యురాలు, చిలకలగూడ