నాలుగో కొక్కెం

బావా,

తింటున్నానా అని అడగబోకు, తింటున్నాను.

మీ చెల్లెలు పోయేముందు తన కుట్టుమిషను మీ అమ్మాయికిమ్మంది కదా. దారిలో దొర్లకుండా తాళ్లతో కట్టడానికి ట్రక్కు తొట్టిలో కొక్కేలు బిగిస్తున్నాను. మూడు ఎలాగో అయ్యాయి. నాలుగోది మొండికేసింది. పైన బోల్టు తిప్పితే కింద నట్టూ తిరుగుతోంది, నా చెయ్యి అందదు.

ఇలాంటప్పుడు తనే బండి కింద పడుకుని, నన్ను తిడుతూ స్పానరు పట్టుకునేది. నిన్న అలవాటుకొద్దీ "పట్టుకున్నావా?" అని అడిగేశాను.

పక్కింటి మెకానిక్ వస్తానన్నాడు. వద్దన్నాను.

ఆదివారం నువ్వు రా. స్పానరు పట్టడం నీకు చేతకాదని తెలుసు. నేను అడిగినప్పుడు కిందనుంచి "ఊఁ" అను, చాలు.