ఉప్పు మార్చిన నెల

శామీర్‌పేట, మార్చి 4

ప్రియమైన తమ్ముడు జనార్ధన్‌కు అక్క లక్ష్మీకాంతమ్మ ఆశీస్సులు.

ఫోన్‌లో నీ మాట నాకు వినబడదు, నా అరుపు నీకు నచ్చదు. అందుకే మీ గౌడవెల్లి నుంచి ఇక్కడికి కూరగాయలు తెచ్చే కుర్మయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మొన్న అత్వెల్లి పెళ్లిలో నిన్ను చూసి భయపడ్డాను. ముఖం ఉబ్బింది. అరవై మూడేళ్లు వచ్చాయి, బీపీ ఉంది, అయినా మటన్ వడ్డించేవాడిని మళ్లీ చెయ్యెత్తి పిలిచావు.

మీ బావ కూడా ఇట్లాగే నవ్వుతూ తిన్నాడు. కిడ్నీలు పాడై, రెండేళ్లు డయాలసిస్ చేయించుకుని పోయాడు. ఆ జబ్బు పేరు నా ముందు ఎత్తొద్దని అప్పుడే మీ అందరికీ చెప్పాను. నిన్ను కూడా ఆ మంచం మీద చూడలేనురా.

ఇకనుంచి నీకు వంట నేనే పంపుతాను. ఇవాళ పాలకూర పప్పు, టమాట కూర. ఎండలు ముదురుతున్నాయి, రోజుకు రెండు కొబ్బరి బోండాలు తాగు. సోడియం తగ్గించిన ఉప్పు ఒకటి దొరికింది, బీపీ వాళ్లకు మంచిదట. పాత ఉప్పు తీసేసి ఇదే వాడమని మరదలు బుచ్చమ్మకు చెప్పు.

నీ అక్క

గౌడవెల్లి, మార్చి 9

అక్కా, తమ్ముడి నమస్కారాలు.

అమ్మ పోయాక నువ్వే ముద్దలు పెట్టి పెంచావు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టావు. నీ డబ్బా చూడగానే బుచ్చమ్మ, "మీ అక్క హోటల్ తెరిచింది, ఇగ నాకేం పని?" అని ఆటపట్టిస్తోంది. పాత ఉప్పు పశువుల కొట్టంలోకి పోయింది.

దావత్‌లకు పోతే మజ్జిగ తాగి లేస్తున్నాను. "ప్లాట్లు అమ్మేటప్పుడు మేం గావాలె, మా ఇంట్ల బువ్వ మాత్రం వద్దా?" అని నా దగ్గర ప్లాటు కొన్న ఒకాయన అందరి ముందు అడిగాడు. తల వంచుకుని వచ్చేశాను. నీ మాట కన్నా నాకు వాళ్ల అలక ఎక్కువ కాదు.

రక్త పరీక్షల సంగతి కుర్మయ్యను అడిగావట. అంతా బాగుంది. పరేషాన్ కాకు.

నీ జనార్ధన్

శామీర్‌పేట, మార్చి 20

తమ్ముడూ,

కుర్మయ్య ఏమన్నాడో తెలుసా? "అమ్మా, పటేల్ కాళ్లల్ల సత్తువ లేదు. బోరు కాడికి పోయెటాళ్లకు మూడు తావుల కూసున్నడు."

మంచి తిండి తినే మనిషి తేరుకోవాలి కానీ కూలబడతాడా? నా డబ్బా ఎవరికి పెడుతున్నావు? నిజం చెప్పు. నీరసం పోవడానికి అరటిపండ్లు కూడా పంపుతున్నాను. బోండాలు మూడు తాగు. ఒక్క ముద్ద పక్కకు పోయినా నాకు తెలుస్తుంది.

అక్క

గౌడవెల్లి, మార్చి 26

అక్కా,

చెయ్యి వణుకుతోంది, అక్షరాలు చూసి నవ్వకు. కాళ్లు బరువుగా ఉన్నాయి, మంచం దిగాలంటే భయమేస్తోంది. నువ్వు పంపిందే తింటున్నాను. నీ మీద ఒట్టు.

జనార్ధన్

శామీర్‌పేట, మార్చి 28

జనార్ధన్,

నా మీద ఒట్టు వేసి అబద్ధం రాశావు. నిన్న గండిమైసమ్మ దగ్గర బిర్యానీ హోటల్ ముందు నీ కారు ఆగి ఉందని మా పక్కింటాయన కళ్లారా చూసి చెప్పాడు. నేను మోకాళ్ల నొప్పితో పొయ్యి దగ్గర నిలబడుతుంటే నువ్వు అక్కడ కూర్చున్నావా? ఇక డబ్బా పంపను. నీ ప్రాణం, నీ ఇష్టం.

లక్ష్మీకాంతమ్మ

గౌడవెల్లి, ఏప్రిల్ 8

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం నిన్న ఇంటికి వచ్చాక చదివాను. పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. నీకు చెప్పొద్దని బుచ్చమ్మ నోరు, కుర్మయ్య నోరు నేనే కట్టేశాను. ఆ రోజు కారు ఆగింది బిర్యానీ కోసం కాదు. డాక్టర్ దగ్గరికి పోతుంటే సీట్లోనే సోలిపోయాను. నీ మేనల్లుడు అన్వేష్ కారు ఆపి, హోటల్ వాళ్లను నీళ్లు అడిగాడు. గుండె కొట్టుకోవడం సగానికి పడిపోయిందట.

డాక్టర్ అడిగిన మొదటి మాట, "పెద్దాయనా, ఈ మధ్య ఉప్పు మార్చారా?" ఆ ఉప్పులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారట. కొబ్బరినీళ్లు, పాలకూర, టమాట, అరటిపండు అన్నింటిలో అదే ఎక్కువట. కిడ్నీలు బాగుంటే మంచి తిండే. బలహీనంగా ఉంటే అది బయటికి పోక గుండె మీద పడుతుందట.

అక్కా, నా కిడ్నీలు నిరుడే బలహీనపడ్డాయి. తిండిలో ఏం మార్చినా అడిగి మార్చమని డాక్టర్ అప్పుడే చెప్పాడు. బావ గుర్తొచ్చి నీకు చెప్పలేకపోయాను. నువ్వు అడగకుండా పంపావు, నేను చెప్పకుండా తిన్నాను. తప్పు నాదే ఎక్కువ. కానీ ఒక్క మాట నమ్ము, నీ డబ్బాలో ఒక్క మెతుకు మిగల్చలేదు.

గురువారం మళ్లీ డాక్టర్ దగ్గరికి పోవాలి. నువ్వూ రా. అడగాల్సినవి నువ్వే అడుగు.

నీ తమ్ముడు

శామీర్‌పేట, ఏప్రిల్ 9

నా జనార్ధన్‌కు,

ఉత్తరం మూడుసార్లు చదివి, వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. నువ్వు నా మాట వినడం లేదని తిట్టాను. నువ్వు విన్నందుకే చావు దాకా పోయి వచ్చావు. నన్ను క్షమించు తమ్మీ. ఆ జబ్బు పేరు ఎత్తొద్దని నేనే కదా మీ నోళ్లు మూయించింది! ఇకనుంచి నా ముందు ఎత్తు, రోజూ ఎత్తు.

కుర్మయ్య చేతికి ఖాళీ డబ్బా ఇచ్చాను. అందులో నీ రిపోర్టులన్నీ పెట్టి పంపు. పక్కింటాయనతో చదివించుకుని, గురువారం డాక్టర్ చెప్పాకే పొయ్యి వెలిగిస్తాను.

ఇంకొక సంగతి నేనూ దాచాను. నాకూ బీపీ ఉంది, ఆరేళ్లుగా మాత్రలు మింగుతున్నాను. నీకు పంపిన ఉప్పే ఈ నెలంతా నేనూ తిన్నాను, ఉప్పు డబ్బా సగమైంది. వారం నుంచి మెట్లెక్కుతుంటే కాళ్లు బరువుగా ఉంటున్నాయి. ఎండ అనుకున్నాను. నా కిడ్నీలు ఎట్లా ఉన్నాయో ఒక్కసారీ చూపించుకోలేదు.

గురువారం దాకా ఆగను. రేపు పొద్దున్నే అన్వేష్‌ను కారు తీసుకుని రమ్మను. ఏం తేలినా నా దగ్గర దాచొద్దని వాడికి ముందే చెప్పు.

నీ అక్క