తడి గోనెపట్టా

ఎస్తేరక్కకు,

ఇంటిల్లిపాదీ క్షేమమనుకొని రాస్తున్నాను. నన్ను దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద పోలీసు వ్యానుకు కాపలా వేశారు. అందులో తుపాకులు ఖాళీగా ఒక పెట్టెలో, తూటాలు వేరే పెట్టెలో తాళం వేసి ఉంటాయి. ఈ మే ఎండకు వ్యాను పొయ్యిలా కాలుతోంది. వేడికి తూటాలు చెడిపోతాయని దాన్ని వేపచెట్టు కిందికి తెచ్చి, తూటాల పెట్టె మీద తడి గోనెపట్టా కప్పాను. సమ్మె చేస్తూ ఆ నీడలో కూర్చున్న కాలేజీ పిల్లల్ని ఎండలోకి తరిమాకే మాకు చోటు దొరికింది.

వాళ్లలో మన తీతు ఉన్నాడక్కా. నన్ను చూసి ఏ ఇంట్లోనో అడిగి చెంబెడు నీళ్లు తెచ్చాడు.

"మామా, ఎండల మాడిపోతున్నవ్, జర తాగు" అన్నాడు.

ఒక్క గుక్క తాగానో లేదో, "గోనె ఎండింది, మిగిలినయి దానిమీద పొయ్యి" అన్నాడు మా జమేదారు. నీ కొడుకు చూస్తుండగానే పోశాను.

రేపు ఈ పిల్లల మీద కాల్చమని హుకుం వచ్చేటట్టుంది. వాణ్ణి ఇంట్లో పెట్టి తాళం వెయ్యి. గోడ దూకుతాడని తెలుసు, అయినా వెయ్యి. ఇక్కడ పెట్టెకూ తాళం ఉంది గానీ, దాని చెవి నా దగ్గర లేదు.

నీ తమ్ముడు