ఐదు ముక్కల రొట్టె

జార్జియా,
1868 మార్చి

ఎలీషా అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. నువ్వూ, దొర్కా అక్కా, నేనూ ఎలాగో ఒకరికొకరం దొరికాం కదా, ఇంకా జాడ దొరకని తమ్ముడి పేరూ చెల్లి పేరూ, ఎవరికైనా తెలుసేమోనని చర్చిలో చదివించడం ఇక మానేద్దామన్నావు. నీకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. "నోట్లోంచి మాట రాదు గదా, కాగితం మీదైనా పోట్లాడవే పిల్లా!" అని మా ఆయన నవ్వుతున్నాడు.

మొన్న బడిలో పంతులమ్మ, దేశం పుట్టినప్పుడు రాసుకున్న రాజ్యాంగం చదివి చెప్పింది. అందులో ఐదుగురు బానిసలను కలిపి ముగ్గురు మనుషులుగా లెక్కగట్టారట. వినగానే పోయిన అమ్మ గుర్తొచ్చింది. బూడిదలోంచి మొక్కజొన్న రొట్టె తీసి, ఊది, మన ఐదుగురికీ ఐదు ముక్కలు చేసేది. "నాదే చిన్నది" అని నువ్వు గునిస్తే, "కొలుచుకోరా దొరా!" అనేది. మనల్ని తలా ఒక చోటికి అమ్మేసిన రోజు పొద్దున కూడా అలాగే పంచింది.

ఈ ఆదివారం ఈనక్ పేరూ టెంపీ పేరూ చదివించు అన్నయ్యా. ఇక్కడ తినేది మేమిద్దరమే అయినా, నేను రొట్టె ఐదు ముక్కలే చేస్తున్నాను.

నీ చెల్లెలు