క్యాసెట్టు చివర మంగళహారతి

ఫలం ఆశించకుండా పనిచేసిన వాడికి ఆ ఫలాన్ని ఎవరు చేర్చాలి, చెప్పు యాదగిరీ?

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పేరు లేని నీ జాజ్ క్యాసెట్టును మొన్న చివరిదాకా విన్నాను. ఆ శాక్సఫోన్ ఊదింది ఎవరో విదేశీయుడని వాదించేవాడివి. చప్పట్లు రాగానే టేపు ఆపేసేవాడివి. చప్పట్ల తర్వాత అతను మెల్లగా ఊదింది మన మంగళహారతి, తమ్ముడూ. ఏం వాయించినా హారతితో ముగించేది మన పెళ్లి బ్యాండు వాళ్లే.

ఆ ముక్కను ఫోన్లోకి ఎక్కించి మేడ్చల్ బ్యాండు దుకాణాల్లో వినిపించాను. "గిది మా ఉస్తాద్ ఊదుడే" అంటూ ఒకతను నన్ను దూలపల్లికి తీసుకెళ్లాడు.

ఉస్తాద్ పండు ముసలి. ఫోన్లో పాట ఆయన చెవికి అందలేదు. సంగతి గట్టిగా అరిచి చెబితే నవ్వాడు.

"జవానీల సికింద్రాబాద్ హోటల్ల వాయించిన సామీ. హారతి ఊదితె మేనేజర్ తిట్టేటోడు. ఊదకుంటె నాకు బువ్వ సయించకపోయేది. గా ఊదుడు రికార్డు జేసిండ్రా?"

ఫలం ఆశించొద్దని గీతా ప్రవచనానికి వేదిక ఎక్కిన ప్రతిసారీ చెబుతాను. ఇవ్వొద్దని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఆయన ఊదింది ఆయనకే గట్టిగా వినిపించాలని నీ క్యాసెట్టు, టేపు రికార్డరు, పెద్ద స్పీకర్లు ఆటోలో ఎక్కించాను. ఆయనకు వినికిడి రోజురోజుకీ తగ్గుతోంది. లే తమ్ముడూ, ఇవాళే పోదాం, నడువు.