గీజరు ఎందుకు తీయించానంటే

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, చిన్నది, నేను ముగ్గురం క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ అలవాటుగా రాసేసే ముక్క ఇది. ఈసారి మాత్రం అర్థం తెలిసి రాస్తున్నాను. మీరు కూడా క్షేమంగా ఉండాలంటే ముందు లేచి మీ గది కిటికీ తెరిచి, ఆ తరవాత కూర్చుని మిగతాది చదవండి. చలి వేస్తే వెయ్యనివ్వండి, ఇంకో దుప్పటి కప్పుకోండి. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, సందులన్నిటిలో గోనెగుడ్డలు కుక్కి పడుకుంటున్నామని, పొద్దున లేచేసరికి మీ గదిలో ముగ్గురికీ తల దిమ్ముగా ఉంటోందని, అదంతా కొండ ఎత్తు వల్లేనని మీ మేస్త్రీ తేల్చేశాడని రాశారు. మీ మేస్త్రీ సొరంగం తవ్వడంలో ఎంత ఘనుడో నాకు తెలీదు గానీ, ఈ విషయంలో ఆయన మాట చెవిన పెట్టకండి.

ఉత్తరం చేరేదాకా ఆగలేక మీ సైటు ఆఫీసుకి ఫోను చేశాను. మా ఆయన్ని కిటికీ తెరుచుకుని పడుకోమని చెప్పండి అంటే, ఫోనెత్తినాయన నవ్వి, అలాగేనమ్మా, చెవులకి మఫ్లరు కూడా కట్టుకోమని చెప్తాను అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నవ్వులాట కాదని తెలియాలంటే కథంతా చెప్పాలి. అంత కథ ఫోనులో చెప్పనిస్తారా? అందుకే ఈ ఉత్తరం.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. చిన్నదాని ముందు పన్ను ఊడింది. అందుకని ఇప్పుడు ఎవరు పలకరించినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది, పెద్ద పేరంటాలులాగా. వంటింటి కుళాయి బాగుచేయించాను. అత్తయ్య మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, వాటి మీద ఆవిడ ఫిర్యాదులు మాత్రం తగ్గాయి. ఇక గీజరు సంగతి. అమ్మ కోసం ఏరికోరి కొన్న గ్యాసు గీజరుని నన్నొక్క మాట అడక్కుండా తీయించేశావేమిటి అని నిష్ఠూరంగా రాశారు. పాడైపోయింది, అందుకే తీయించాను అని కిందటి ఉత్తరంలో రాశాను కదా. అది అబద్ధం. గీజరు నిక్షేపంగా పనిచేస్తూనే ఉండేది. ఎందుకు తీయించానో చెప్పాలంటే మా వీధి తిరుగుడు గురించి చెప్పాలి.

మీరు ఇక్కడ ఉండగానే దర్జీ కొట్టు తగలబడింది. ఫైరింజను వచ్చింది గానీ సందు మొదట్లోనే ఆగిపోయింది, పైపు వెయ్యడానికని నీళ్ళ శాఖవాళ్ళు రోడ్డు తవ్వి వదిలేశారు కాబట్టి. మీరు వెళ్ళిపోయాక దాని మీద పెద్ద మీటింగు జరిగింది. ఫైరు వాళ్ళు నీళ్ళ శాఖని అన్నారు, నీళ్ళ శాఖ రోడ్ల శాఖని అంది, పోలీసులేమో మాకసలు ఎవరూ చెప్పలేదన్నారు. ఆస్పత్రి నర్సుల తరఫున నేనూ వెళ్ళాను. నేనూ తక్కువ తినలేదు, ఆంబులెన్సు ఆలస్యానికి ఇంకెవరినో అన్నాను. కొత్తగా వచ్చిన మునిసిపల్ కమిషనరమ్మ అంతా ఓపిగ్గా విని, చివరికి ఒకే మాట అంది.

"మీరంతా ఎవరి పని వాళ్ళు బాగానే చేశారు. అందుకే కొట్టు తగలబడింది."

ఆవిడ అప్పుడే ఒక పద్ధతి పెట్టింది. వారానికి ఒక వీధి. అన్ని శాఖలవాళ్ళూ కలిసి నడిచి తిరగాలి. అయితే ఎవరూ తన శాఖ పని చూడకూడదు, పక్కవాడి పని చూడాలి. ఫైరాయన నర్సు అడిగే ప్రశ్నలు అడగాలి, నర్సు నిప్పు భయం ఎక్కడుందో వెతకాలి, బడి పంతులమ్మ మురుగుకాలవ చూడాలి, నీళ్ళ శాఖ ఇంజనీరు బడి ఎగ్గొట్టే పిల్లల్ని వెతకాలి. మొదట్లో అందరం సణుక్కున్నాం. నాకు నా పనే సగం పడి ఉంది, ఇంకొకరిది నేను చూడాలా అనుకున్నాను. కానీ తిరగగా తిరగగా తెలిసింది, మన పనికి మన కళ్ళు అలవాటు పడిపోయి ఉంటాయి, చూసినదాన్నే చూస్తాయి. రోగుల్ని చూడడానికి నేను వారం వారం ఎక్కే మెట్లే, నిప్పు సంగతి చూడమనేసరికి ఆ మెట్ల కింద అడ్డంగా పడేసిన పాత మంచాలు, సైకిళ్ళు అప్పుడు కనపడ్డాయి. పంతులమ్మ, పిల్లలు బడికొచ్చే దారిలోనే మూతలేని గుంట పట్టుకుంది. వానలు మొదలవకముందే కూర్చుని, ఏ వీధిలో మంచం పట్టినవాళ్ళున్నారు, నీళ్ళొస్తే వాళ్ళని ఎవరు మోసుకెళ్ళాలి, ఏ బడి తలుపులు తెరిచి ఉంచాలి అన్నీ అనుకున్నాం. మొన్నటి వానలకి మన వెనక వీధి మోకాలి లోతు మునిగింది, మీరు కంగారుపడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. కంగారు లేకుండా జరిగింది కాబట్టి నేను రాయలేదు.

ఆ వరసలో మన వీధి వంతు వచ్చింది. ఆ వారం నా ప్రశ్నలు ఫైరు స్టేషను ఆఫీసరుకి పడ్డాయి. మనిషి భారీగా ఉంటాడు, మీసాలు ఇంకా భారీ, అందుకని ఊరంతా ఆయన్ని మీసాలన్న అంటారు. ముందురోజే నా దగ్గరకొచ్చి నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, కళ్ళు తిరుగుతున్నాయా అని పాఠంలా వల్లించుకుని వెళ్ళాడు. మన ఇల్లు వచ్చేసరికి నేను, ఇది నర్సు ఇల్లే కదా, ఇక్కడ చూసేదేముంది, పదండి ముందుకి అన్నాను. అత్తయ్య ఊరుకుంటుందా? గుమ్మంలో నిలబడి, ఊళ్ళో అందరినీ అడుగుతున్నారు, నన్నేం పాపం చేశానని అడగరు అంది. మీసాలన్న లోపలికెళ్ళి కూర్చున్నాడు. టీ కూడా వచ్చింది. నేను పంతులమ్మతో గేటు దగ్గరే ఉండిపోయాను. మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి.

అత్తయ్య మోకాళ్ళ గురించి చెప్తుందనుకున్నాను. ఆవిడ అది చెప్పలేదు. స్నానం చేసి వచ్చాక తల పగిలిపోతోందని, కళ్ళు తిరుగుతున్నాయని, వాంతి వచ్చేలా ఉంటోందని, కాసేపు పడుకుంటే సర్దుకుంటోందని చెప్పింది.

"ఈ సంగతి సిస్టరమ్మకి చెప్పలేదా పెద్దమ్మా?" అన్నాడాయన.

"అది పొద్దున్నించీ ఊరందరి నొప్పులూ విని ఇంటికొస్తుంది నాయనా. నావి కూడా దాని నెత్తినెందుకు?"

మొదట్లో ఒకసారి తలనొప్పి అంటే బీపీ చూసి, మాత్ర ఇచ్చి నా పనిలో నేను పడిపోయాను. ఆ తరవాత ఆవిడ మళ్ళీ నాతో అనలేదు. పక్కనున్న పంతులమ్మ నా మొహం చూసి, మీకు చెప్దామనే అనుకుంటున్నాను, మీ పాప మొదటి పీరియడులో కునికిపాట్లు పడుతోంది, రాత్రిళ్ళు మీరు కథలు చెప్తూ మేలుకోబెడుతున్నారేమో అనుకున్నాను అంది. చిన్నదానికి స్నానం చేయించేది అత్తయ్యే. చలిగా ఉందని తలుపు గడియ పెట్టి, వేడినీళ్ళు వదిలి, తీరిగ్గా చేయిస్తుంది. నేను చీకటితోనే చన్నీళ్ళు నాలుగు చెంబులు పోసుకుని పరుగెత్తేదాన్ని, నాకేం తెలుస్తుంది?

పంతులమ్మ మాట లోపలికీ వినిపించింది. మీసాలన్న టీ గ్లాసు కింద పెట్టేసి, స్నానాలగది ఎక్కడమ్మా అన్నాడు. అంతవరకూ నా ప్రశ్నలు అడిగిన మనిషి ఒక్కసారిగా ఫైరు ఆఫీసరైపోయాడు. లోపలికి వెళ్ళి గీజరు చూశాడు, తలెత్తి పైన కిటికీ చూశాడు. అక్కడ కిటికీ లేదు. చెక్క ఉంది. వెంటనే గ్యాసు కట్టేసి, బయట తలుపులన్నీ బార్లా తెరిపించాడు. గాలి ఆడని గదిలో గ్యాసు మండితే విషవాయువు పుడుతుందట. రంగు ఉండదు, వాసన ఉండదు, కళ్ళు మండవు. తల నొప్పెడుతుంది, మత్తుగా ఉంటుంది, మనిషి పడుకుంటుంది. ఒకరోజు ఇక లేవదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా అంతేనట. నర్సునే గానీ, పుస్తకంలో చదివింది నా ఇంట్లో నాకు తట్టలేదు. ఆ గదిలోకి రోజూ వెళ్తున్నది మన అమ్మ, మన బిడ్డ. ఆ పూటే ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అన్ని పరీక్షలూ చేశారు. భయం లేదన్నారు.

ఇక నేను దాచింది. ఆ చెక్క కొట్టింది మీరు. సొరంగం పనికి బయల్దేరే ముందురోజు స్టూలెక్కి, మేకులు పెదాల మధ్య పెట్టుకుని, పడతావురా దిగరా అని అత్తయ్య కింద నుంచి అరుస్తున్నా వినకుండా కొట్టారు. తడి తల మీద చల్లగాలి తగిలి అమ్మకి జలుబు చేస్తుందని. ఇలా చెయ్యాలనిపించేటంత ప్రేమ మీది, దాన్ని నేనేమీ అనను. ఆ రోజు మీసాలన్న, ఈ చెక్క ఎవరు కొట్టారు అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, అది ఇల్లు కట్టినప్పటినుంచీ ఉంది నాయనా అనేసింది. ఇంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా ఆడగలదని నాకు అంతవరకూ తెలీదు. ఆయన వెళ్ళాక నాచేత తన చేతిలో చెయ్యి వేయించుకుని, వాడికి చెప్పకు, అక్కడ సొరంగంలో పనిచేసేవాడు, మనసు చెదిరితే ప్రమాదం అంది. అందుకే పాడైపోయిందని రాశాను.

తరవాత మీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే ఆవిడకి చదివి వినిపించాను. గీజరు మీద మీ కోపం చదివితే నవ్వింది. కుంపటి దగ్గరికి, గోనెగుడ్డల దగ్గరికి వచ్చేసరికి నా మణికట్టు పట్టుకుంది.

"రాయి. అన్నీ రాయి. దాచిపెట్టి వాణ్ణి బతికించుకోలేం."

అప్పటికప్పుడు ఫైరు స్టేషనుకి పరుగెత్తాను. మీసాలన్న మీ కొండ కింద ఊళ్ళో ఉన్న స్టేషనుకి ఫోను చేసి మాట్లాడాడు. ఈపాటికి ఎవరో యూనిఫారం వేసుకున్న మనిషి మీ గది తలుపు తట్టి ఉండాలి. కుంపటి బయట పెట్టించి ఉండాలి. ఆయన్ని పంపింది నేనే. చలిలో కొండెక్కి వచ్చిన మనిషి, మర్యాదగా మాట్లాడారు కదా?

ఒక్క సంగతి నాకు తెగలేదు. మంటల్లోంచి మనిషిని ఎత్తుకొస్తే దండ వేస్తారు, పేపర్లో ఫొటో వేస్తారు. ఏమీ జరగకుండా ఆపినవాళ్ళకి ఏం ఇవ్వాలి? మీసాలన్నకి దణ్ణం పెడితే, సిగ్గుపడిపోయి, నాకెందుకమ్మా, పాప సంగతి చెప్పింది పంతులమ్మ కదా అన్నాడు. పంతులమ్మ, నన్ను తిప్పింది కమిషనరమ్మ అంది. కమిషనరమ్మ దగ్గరికి వెళ్తే, మీ అత్తగారికి పెట్టండి దణ్ణం, నోరు విప్పింది ఆవిడ అంది. ఆ మీటింగులో తప్పు ఒకరి మీదికి ఒకరు తోసుకున్న ఊరే ఇది. ఇప్పుడు మెప్పు కూడా అలాగే తోసుకుంటున్నారు. వాళ్ళందరికీ నేను జన్మంతా రుణపడి ఉన్నాను. ఇది నలుగురిలో చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఇంటికొచ్చి అత్తయ్య కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, చాల్లే, మోకాళ్ళకి నూనె రాయి, పుణ్యం అదే అంది.

మీకు చెప్పవలసింది ఇంకొకటుంది. మీ గది చల్లారాక పక్క గదులకి కూడా వెళ్ళండి. పొద్దున్నే తల నొప్పిగా ఉంటోందా అని అడగండి. అది మీ పని కాదని మీ మేస్త్రీ అంటే, కాదు కాబట్టే అడుగుతున్నానని చెప్పండి.

అత్తయ్య నా పక్కనే కూర్చుని, తన మాట కూడా రాయమంటోంది. ఆవిడ చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఒరే నాన్నా, చెక్క ఊడదీయడానికి వడ్రంగి నానా తంటాలు పడ్డాడురా. నువ్వు మేకు కొడితే అంత గట్టి. దాని గురించి కుమిలిపోతూ కూర్చోకు, నాకు తెలుసు నీ సంగతి. నేనున్నాను. చిన్నదుంది. నువ్వూ ఉండు."

ఇట్లు,
మీ అమ్మని, బిడ్డని కళ్ళెదుట చూసుకుంటూ ఉన్న
మీ భార్య